తోటికోడలికి రోములో గది

పోయిన వారం మా వీధి చివరింటావిడ ఫోను పట్టుకుని వచ్చింది. వాళ్ళ కుటుంబమంతా వేళాంకణి యాత్రకి వెళ్తున్నారట. "మీరు దుబాయ్‌లో అన్నేళ్ళున్నారు, నాలుగు దేశాల మనుషుల్ని చూశారు, ఈ మూడు లాడ్జీల్లో ఏది బాగుంటుందో కాస్త చూసి చెప్పండి ఆంటీ" అంది. మూడు గదుల్లోనూ మంచం మీద తువ్వాలుని హంసలాగా మడిచి పెట్టారు. నేను కళ్ళజోడు కూడా వెతుక్కోకుండా "నేను ఎవరికీ గదులు చూడనమ్మా" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని, కాఫీ తాగి వెళ్ళమన్నా వినకుండా వెళ్ళిపోయింది. మా ఆయన పేపరు దించి ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. ఆయనకి సంగతి తెలుసు. ఇంచుమించు ఇరవై ఏళ్ళ కిందట నేను ఒక మనిషికి ఒక గది చూశాను. ఆ మనిషి నా తోటికోడలు, ఆ గది రోములో.

అప్పుడు మేం షార్జాలో ఉండేవాళ్ళం. రోలా బజారు వెనక వీధిలో, ఒక బట్టల కొట్టు పైన ఫ్లాటు. ఫ్లాటంతా మాది కాదు. రెండు పడకగదుల్లో ఒకటి మాది, రెండోది ఒక కేరళ కుటుంబానిది, హాల్లో ప్లైవుడ్ అడ్డు పెట్టి ఇంకో ఇద్దరు నర్సులకి ఇచ్చారు. వంటగదికి వంతులు. వాళ్ళ కొబ్బరినూనె వాసన, మా చేపల పులుసు వాసన ఆ వంటగదిలో నాలుగేళ్ళు పోట్లాడుకున్నాయి గాని ఎవరూ గెలవలేదు. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. మా ఆయన ఏసీలు బాగుచేసే కంపెనీలో ఫోర్‌మన్. మా కుటుంబంలో గల్ఫ్‌కి ముందు వచ్చింది నేనే. నా వెనక మా ఆయన వచ్చారు, ఆయన వెనక మా మరిది, అతని వెనక అతని భార్య. అంటే దారి వేసింది నేను. ఆ దారిలో అందరికంటే హాయిగా ఉన్నది మాత్రం ఆవిడ. కనీసం నా కళ్ళకి అలాగే కనపడేది.

మా మరిది ఇటలీ నుంచి పాలరాయి తెప్పించి అమ్మే కంపెనీలో స్టోరు చూసేవాడు. వాళ్ళు దుబాయ్‌లో, సత్వాలో ఒక పాత ఇంట్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళు. ముందు జానెడు వాకిలి. ఆ వాకిట్లో ఆవిడ నూనె డబ్బాలో కరివేపాకు మొక్క పెంచింది. ఎడారి దేశంలో సొంత కరివేపాకు చెట్టున్న మనిషిని చూస్తే ఎలా ఉంటుందో, ప్లాస్టిక్ కవరులో వాడిపోయిన రెబ్బలు కొనుక్కునేవాళ్ళకే తెలుస్తుంది. నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఇంత కోసి ఇచ్చేది. ఇచ్చినందుకు కూడా నాకు మంటగానే ఉండేది.

నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఉద్యోగం లేదు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి కుడి మోకాలు దెబ్బతింది. ఎక్కువ నడిచినా, మెట్లెక్కినా వాచిపోయేది. వాచినప్పుడల్లా క్రేపు బ్యాండేజి చుట్టేది నేనే. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత నాకు తెలియదనటానికి వీల్లేకుండా. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెప్తారు. మా అత్తగారు నన్ను కొట్టలేదు, నా తోటికోడలు నన్ను చూసి నవ్వలేదు. ఆవిడ ఊరికే నవ్వేది, పప్పు మాడినా నవ్వేది, బస్సు తప్పినా నవ్వేది. నా బాధ అదే. అత్తగారు ఊరినుంచి ఫోను చేస్తే నన్ను అడిగే మొదటి ప్రశ్న "చిన్నది ఎట్టా ఉంది? మోకాలు ఎట్టా ఉంది?" అని. రెండో ప్రశ్న "నువ్వు డ్యూటీకి వెళ్ళొచ్చావా?" అని. ఇద్దరు కోడళ్ళనీ సమానంగానే చూసేదని మా ఆయన ఇప్పటికీ వాదిస్తారు.

ఇక రోము. మా ఊరి చర్చి విచారణలో నా చిన్నతనంలో ఇటలీ దేశపు ఫాదర్‌గారు ఉండేవారు. తెల్లటి గడ్డం, పాత మోటారు సైకిలు, 'ళ' పలకబోయి ప్రతిసారీ తడబడే తెలుగు. జ్ఞానోపదేశం తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లలకి పోస్టుకార్డు బొమ్మలిచ్చేవారు. నాకు పేతురుగారి గుడి బొమ్మ వచ్చింది. గుడి ముందు పెద్ద చౌకు, అటూ ఇటూ చేతులు చాచినట్టు స్తంభాల వరసలు. "అక్కడికి వెళ్తే మనం ఎక్కడ ఉండాలి ఫాదర్‌గారూ?" అని అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, "ముందు నువ్వు వెల్లు, చోటు దొరుకుతుంది" అన్నారు. అప్పట్నించీ నేను వెళ్తూనే ఉన్నాను, మనసులో. నర్సింగు చదువుతున్నప్పుడు, గల్ఫ్ వచ్చిన కొత్తల్లో, ప్రతి సెలవుకీ. ప్రతి సెలవుకీ ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒకసారి ఆడబిడ్డ పెళ్ళి, ఒకసారి మా నాన్నకి కంటి ఆపరేషన్, ఒకసారి ఇదే మరిదికి వీసా పని.

గల్ఫ్‌లో మాకు శుక్రవారమే ఆదివారం. ఒక శుక్రవారం పూజ అయ్యాక గుడి ఆవరణలో ఆవిడ కుంటికాలు ఈడ్చుకుంటూనే పరుగులాంటి నడకతో వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా! మీ మరిదిని ఇటలీ పంపిస్తన్నారంట. క్వారీలో రాళ్ళు చూసి రావటానికి. వాళ్ళ కంపెనీ ముదీర్, పెద్ద మేనేజరు, నాక్కూడా టికెట్ ఇస్తన్నాడు. పనయ్యాక రోములో నాలుగు రోజులుండి రమ్మన్నాడంట!"

"మంచిదే" అన్నాను.

"మంచిదేనా? అంతేనా?"

"రాళ్ళు చూట్టానికి నువ్వెందుకు?"

ఆవిడ దాన్ని హాస్యం అనుకుని పొట్టపట్టుకుని నవ్వింది. తర్వాత చెప్పింది: "గది మాత్రం నువ్వే చూసిపెట్టాలక్కా. రోము గురించి నీకు తెలిసినంత మాకెవరికి తెలుసు? వీసాకి హోటల్ కాయితం కావాలంట. నాకు పెద్ద కోరికలేం లేవు. బుధవారం పొద్దున పోపుగారు చౌకులోకి వస్తారంటగా, అది చూస్తే చాలు."

పక్కనే ఉన్న మా ఆయన "మీ అక్క కంటే బాగా ఎవరు చూస్తారమ్మా" అని నా తరఫున మాటిచ్చేశారు.

రోలాలో మా వీధిలోనే ఒక మలబారీ నడిపే ఇంటర్నెట్ కొట్టు ఉండేది. డ్యూటీ దిగాక నాలుగు సాయంత్రాలు అక్కడ కూర్చున్నాను. ఒక పక్క బొంబాయి కుర్రాళ్ళు ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళు, ఇంకోపక్క ఎవరో ఒకాయన కెమెరాలో కూతురితో మాట్లాడుతూ ముక్కు తుడుచుకునేవాడు. నేను రోములో తిరిగేదాన్ని. స్టేషను చుట్టుపక్కల చవక హోటళ్ళున్నాయి, ఒక్కో పాత మేడలో అంతస్తుకో హోటలు. నది అవతల ఇరుకు సందుల్లో పూలకుండీలు వేలాడే ఇళ్ళున్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గాని సందంతా హోటళ్ళూ సంగీతమూ అని రాశారు. ఊరి బయట, రైలు ఆఖరి స్టాపు దాటాక, కొత్త హోటళ్ళున్నాయి, గదులు పెద్దవి, గుడి దూరం. నాలుగు రోజుల్లో ఏ వీధిలోంచి గుడికి ఎంతసేపు నడవాలో నాకు కంఠతా వచ్చేసింది. ఆ నాలుగు రోజులూ నేను సంతోషంగానే ఉన్నాననుకుంటా. వెళ్ళేది నేను కాదన్న మాట మరిచిపోయాను.

రెండో రోజు దొరికింది ఆ మఠం. పేతురుగారి చౌకుకి నడిచి ఐదు నిమిషాలు. యాత్రికులకి కన్యస్త్రీలు కొన్ని గదులు ఇస్తారు. లోపల చిన్న తోట, కుండీల్లో నిమ్మచెట్లు, చెక్క తలుపుల కిటికీ, తెల్లటి దుప్పటి పరిచిన రెండు మంచాలు, గోడకి ఒక సిలువ. పదిన్నరకి గేటు మూసేస్తారు. ఆ బొమ్మ చూడగానే, చిన్నప్పుడు నేను ఫాదర్‌గారిని అడిగిన ప్రశ్నకి ఇదే జవాబనిపించింది. ఈమెయిల్లో ఉత్తరం రాశాను. "నా చెల్లెలికి మోకాలు బాగుండదు, మెట్లు లేని గది కావాలి" అని కూడా రాశాను. మర్నాటికి ఒక సిస్టరు నాలుగు వాక్యాల్లో జవాబిచ్చింది. ఆ నాలుగు రోజులకీ కింది అంతస్తులో గది ఖాళీగా ఉంది, మెట్లు లేవు, వారంలోగా చెప్పండి, మీ చెల్లెలి కోసం ప్రార్థిస్తాం అని.

కాగితం ప్రింటు తీయించుకుని చేత్తో పట్టుకున్నాను. అప్పుడు ఆ గదిలో ఆవిడని ఊహించుకున్నాను. ఆవిడ ఆ కిటికీ తలుపు తీస్తోంది. ఆవిడ ఆ నిమ్మచెట్ల మధ్య నవ్వుతోంది. సిస్టర్లందరూ ఆవిడ చుట్టూ చేరారు, ఎందుకంటే ఎక్కడికెళ్ళినా ఆవిడ చుట్టూ జనం చేరతారు. తిరిగొచ్చి ఆ గది గురించి నాకే వర్ణించి చెప్తుంది, నేను వినాలి. నా గదిలోకి ఆవిడ చెప్పులతో నడిచినట్టనిపించింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంటికి పోయి, నా నర్సింగు సర్టిఫికెట్ల ఫైలులో అట్టడుగున పెట్టాను. ఆ గది నేను వెళ్ళేదాకా అలా ఉండాలి, అంతే.

మర్నాడు సాయంత్రం స్టేషను పక్క హోటలు బుక్ చేశాను. ఐదో అంతస్తు. అక్కడ దిగినవాళ్ళెవరో "లిఫ్టు తరచూ పనిచెయ్యదు" అని కింద రాసిన మాట నేను చదివాను. రెండుసార్లు చదివాను. 'తరచూ అంటే రోజూ కాదుగా' అనుకున్నాను. వీసా కాగితం తొందర, స్టేషను దగ్గరైతే బండ్లు సులువు, మఠంలో పదిన్నరకే గేటు వేస్తే వాళ్ళకి ఇబ్బంది, ఇలా కారణాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. చెడ్డ పనికి ఉన్నంతమంది సాక్షులు మంచి పనికి దొరకరు.

కాగితం ఇచ్చినప్పుడు ఆవిడ ఒక్కటే అడిగింది. "లిఫ్టు ఉందా అక్కా?"

"ఉంది" అన్నాను. లిఫ్టు ఉన్నమాట నిజమే.

వాళ్ళు వెళ్ళిన వారం రోజులూ నాకు అన్నం సయించలేదు. వార్డులో ఎవరికి సూది వేస్తున్నా 'ఇప్పుడు రోములో ఎంతయింది' అని లెక్కపెట్టుకునేదాన్ని. వచ్చాక మమ్మల్ని భోజనానికి పిలిచింది. బిర్యానీ వండి, మా ఇద్దరికీ చెరో జపమాల ఇచ్చి, బుధవారం సంగతి చెప్పింది. "తెల్ల బండిలో వచ్చారక్కా. కుడిచెయ్యి ఇట్టా ఎత్తారు. మాకు బాగా దగ్గర్నించే వెళ్ళారు. పక్కన ఒక ముసలాయన గట్టిగా ఏడ్చేశాడు." మా ఆయన సిలువ గుర్తు వేసుకున్నారు. మరిది పెరుగు తేవటానికని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటిదాకా రాలేదు.

"గది ఎలా ఉంది?" అన్నాను.

"నువ్వు చూసింది బాగోకుండా ఉంటదా? బ్రహ్మాండంగా ఉంది" అంది, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ.

షార్జా బస్సులో తిరిగొస్తుంటే నాకు నిజంగా దుఃఖం వచ్చింది. చెడ్డ గది ఇచ్చినా సంతోషంగా ఉండి వచ్చిందే, ఈవిడని ఏం చేస్తే దిగులు పడుతుంది అని.

మూడు నెలల తర్వాత మా మరిది రక్తపరీక్షకి మా ఆసుపత్రికి వచ్చాడు. నేనే చేతికి రబ్బరు పట్టీ కట్టాను. మాటల్లో, ఎందుకో ఆ పుండుని గోకాలనిపించి, "మా డాక్టరమ్మ రోము వెళ్తోంది. మీరు దిగిన హోటలే చెప్పనా?" అన్నాను.

"వద్దు వదినా!" అన్నాడు ఉలిక్కిపడి. తర్వాత నాలిక కరుచుకున్నాడు. నేను వదల్లేదు. చివరికి తలవంచుకుని చెప్పాడు. "మీరేమీ అనుకోకండి. మేం వెళ్ళిన రోజునుంచీ లిఫ్టుకి పనిచెయ్యదని బోర్డు కట్టి ఉంది. ఐదంతస్తులు. మొదటిరోజు మూడుసార్లు ఎక్కి దిగింది. మంగళవారానికి మోకాలు కొబ్బరికాయంత అయ్యింది. బుధవారం మంచం దిగలేకపోయింది."

"మరి పోపుగారు?"

"నేనొక్కణ్ణే వెళ్ళొచ్చాను. తను వెళ్ళమని నెట్టింది. వచ్చాక బండి ఏ రంగు, ఏ చెయ్యి ఎత్తారు, పక్కన ఎవరున్నారు అని మూడుసార్లు చెప్పించుకుంది. అక్క అన్ని రోజులు కూర్చుని వెతికింది, తెలిస్తే నొచ్చుకుంటది, చెప్పమాకు అని నాతో ఒట్టు వేయించుకుంది. మీరు తెలిసి చేశారా ఏంటి వదినా. మన ఖర్మ, అంతే."

అతని నరం దొరకటానికి ఆ రోజు నాకు మూడుసార్లు పట్టింది.

సెలవు రోజు రాగానే ఫైలులోంచి ఆ కాగితం తీసుకుని సత్వా వెళ్ళాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆవిడ వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. "ఏంటక్కా, ఫోనన్నా చెయ్యకుండా" అని లేవబోయింది. కూర్చోమని కాగితం చేతికిచ్చాను. ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా కూడబలుక్కుని చదువుతుంది. వేలు ఒక్కో మాట మీదా ఆగుతూ వెళ్ళి, 'మెట్లు లేవు' అన్న చోట నిలిచిపోయింది.

"ఇదెప్పుడొచ్చింది?"

"మీ హోటలు బుక్ చేసే ముందురోజు."

"నా మోకాలి సంగతి వాళ్ళకి కూడా రాశావే."

"ఊఁ."

"నీకు తెలియక జరిగిందనుకుని నేను అందరికీ అబద్ధం చెప్పానక్కా. పోపుగారి పేరు మీద అబద్ధం. ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనంలో కూడా చెప్పుకున్నా." చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టింది. "నువ్వు తెలిసే చేశావా?"

"తెలిసే చేశాను."

"ఎందుకని?"

"నేను వెళ్ళాల్సిన చోటికి నువ్వు వెళ్తన్నావని."

ఆవిడ కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచింది. "ఆ మాట అప్పుడే అనొచ్చుగా. నేనేం మానుకునేదాన్ని కాదు గాని, అనొచ్చుగా" అంది. మొదటిసారి ఆవిడ ముఖంలో నవ్వు ఆనవాలు కూడా లేకుండా చూశాను. ఇన్నేళ్ళూ అదే కోరుకున్నానేమో. చూడగానే నేను చిక్కుళ్ళ గిన్నె వైపు చూపు తిప్పుకున్నాను. "ఇంక నువ్వు వెళ్ళక్కా" అంది.

ఐదు నెలలు మాటల్లేవు. శుక్రవారం గుడిలో ఆవిడ ఎడమ వైపు, నేను కుడి వైపు. అన్నదమ్ములిద్దరూ బయట చెప్పుల దగ్గర నిలబడి క్రికెట్టు గురించి మాట్లాడుకునేవాళ్ళు. అత్తగారు ఫోనులో "చిన్నది ఎట్టా ఉంది?" అంటే నాకు తెలియదని చెప్పటానికి నోరు రాక, బాగుందని చెప్పేదాన్ని. ఎవరినీ అడగటానికి లేదు. ఏ చీర కట్టింది, కుంటు ఎక్కువైందా తగ్గిందా అని స్తంభం పక్కనుంచి చూడటం తప్ప.

ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా ఫోను వచ్చింది. "అక్కా, మోకాలు వాచింది. రా" అంది. అంతే, పెట్టేసింది. సగం రోజు సెలవు పెట్టి, ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చుని వెళ్ళాను. ఆవిడ కాలు చాపింది, నేను బ్యాండేజి చుట్టటం మొదలుపెట్టాను. ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూడలేదు. రెండో చుట్టు దగ్గర ఆవిడే మొదలుపెట్టింది, అసలు బుధవారం ఎలా గడిచిందో. ఆ గది కిటికీ ఎదురుగా ఇంకో కిటికీ ఉందట. అందులో ఒక ముసలమ్మ బట్టలు ఆరేస్తూ ఈవిడ కాలికి కట్టిన తడిగుడ్డ చూసిందట. భాష తెలియదు. తన కాలు కూడా ఎత్తి చూపించిందట, ఆవిడకీ అదే మోకాలు. కాసేపటికి ఐదంతస్తులు దిగి, మళ్ళీ ఐదంతస్తులెక్కి, గిన్నెలో వేడి సూపు తెచ్చిపెట్టిందట. తినేదాకా పక్కనే కూర్చుందట. "ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నామక్కా. ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలియదు, నేనేం చెప్పానో ఆవిడకి తెలియదు. నీ గురించి కూడా చెప్పా."

"నా గురించేం చెప్పావు?"

"మా అక్కే ఈ గది చూసిందని."

నేను పట్టీ చుట్టటం ఆపాను. "నిజం చెప్పనా? ఆ ముసలమ్మ మీద కూడా నాకు కుళ్ళుగానే ఉంది" అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, ఆగి, అప్పుడు నవ్వటం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే కట్టిన బ్యాండేజి అంతా వదులైపోయి మళ్ళీ మొదటినుంచి చుట్టాల్సి వచ్చింది. క్షమించానని ఆవిడ అనలేదు, క్షమించమని నేనూ అడగలేదు. వెళ్ళేటప్పుడు కరివేపాకు కోసి ఇచ్చింది.

ఆ తర్వాత ఏడాదిన్నర దాటిందో లేదో, కట్టే మేడలు కట్టినంతలోనే ఆగిపోవటం మొదలైంది. పాలరాయి అడిగేవాళ్ళు లేక మా మరిది కంపెనీ ఖలాస్ అయిపోయింది. రెండువేల ఎనిమిది చివర్లో వాళ్ళు సామాను కట్టేసుకుని వచ్చేశారు. రాజమండ్రిలో ఆవిడ పుట్టింటివాళ్ళ సాయంతో టైల్స్ కొట్టు పెట్టుకున్నారు. మేం ఇంకొన్నాళ్ళుండి బెజవాడ చేరాం. నేను రోము వెళ్ళలేదు. వెళ్ళే వీలు ఒకటి రెండుసార్లు వచ్చింది గాని, ఎందుకో ప్రయత్నం చెయ్యలేదు.

ఇప్పుడు క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ ఫోనులో మాట్లాడుకుంటాం. ఆరోగ్యాలు, పిల్లల ఉద్యోగాలు, అంతే. ఒకప్పుడు ఆవిడ ఇంట్లో కొత్త గరిటె కొన్నా నాకు తెలిసిపోయేది, తెలిసి రెండు రోజులు నిద్రపట్టేది కాదు. మొన్న ఈస్టరుకి, మేడ మీద ఇంకో అంతస్తు వేశామక్కా అని చెప్పింది. చాలా సంతోషం అన్నాను. ఫోను పెట్టేశాక చూసుకుంటే అది నిజమైన సంతోషమే, అడుగున ఎక్కడా చిన్న మంట కూడా లేదు. అందుకు దేవుడికి వందనాలు చెప్పుకోవాల్సింది పోయి, చాలాసేపు దిగులుగా కూర్చున్నాను. ఒక మనిషిని అంత దగ్గరగా, రెప్పవెయ్యకుండా చూసిన రోజులు ఎప్పుడు అయిపోయాయో నేను గమనించనేలేదు.